నాగసాకిలో దుబాసీలు

నాగసాకి వెళ్ళొచ్చానంటే మనవాళ్ళు ముందు అడిగే ప్రశ్న ఒక్కటే. "అక్కడ ఇంకా రేడియేషన్ ఉంటుందా?" అని. లేదండీ. ఏ ఊళ్ళోనైనా నేలలో, గాలిలో మామూలుగా ఎంత ఉంటుందో అక్కడా అంతే. రెండో ప్రశ్న, "బాంబు మ్యూజియం కాక ఇంకేముంది చూడ్డానికి?" దీనికి జవాబు మాత్రం కాస్త పొడుగు. ఓపికుంటే టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు నా ఉద్యోగం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. లేకపోతే నేను ఆ ఊళ్ళో ఏం చూశానో, ఎందుకలా చూశానో అర్థం కాదు.

నేను ఫుకుఓకాలో 'బ్రిడ్జ్ ఎస్.ఈ.'ని. జపాన్ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. ఇటు జపనీస్ క్లయింటు, అటు హైదరాబాదులో టీము, మధ్యలో వంతెన నేను. కోడు రాయడం తక్కువ, మాటలు మోయడం ఎక్కువ. వినడానికి తేలిగ్గానే ఉంటుంది గానీ కాదు. మీటింగులో క్లయింటు 'కెంతో షిమాస్' అంటాడు. డిక్షనరీ ప్రకారం 'పరిశీలిస్తాం' అని. మన పెళ్ళిసంబంధాల భాషలోకి మారిస్తే 'ఇంట్లో మాట్లాడుకుని కబురు చేస్తాం'. అంటే వద్దని! మనవాడు ఇటునుంచి 'ఆల్మోస్ట్ అయిపోయింది' అంటాడు. దాన్ని ఉన్నదున్నట్టు జపనీస్‌లోకి తిప్పితే క్లయింటు గురువారం డెలివరీ అని క్యాలెండర్లో రాసేసుకుంటాడు. మనవాడి ఉద్దేశంలో ఆల్మోస్ట్ అంటే టెస్టింగ్ ఇంకా మొదలవలేదని. ఈ రెండిటి మధ్యా నలిగే జీవిని నేను.

కిందటేడాది ఏప్రిల్ నుంచీ మా క్లయింటు దగ్గర డిజైన్ డాక్యుమెంట్లూ మీటింగులూ మెషీన్ చేత అనువాదం చేయించి చూస్తున్నారు. బాగానే చేస్తోంది. నిజం చెప్పొద్దూ, నాకంటే వేగంగా చేస్తోంది, కంజీలు నాకంటే బాగా చదువుతోంది. మార్చిలో కాంట్రాక్టులు మళ్ళీ రాసుకుంటారు. ఇప్పుడున్న మూడు వంతెనల్లో ఎన్ని ఉంచుతారో ఎవరికీ తెలీదు. నాలుగేళ్ళు రాత్రిళ్ళు కూచుని కంజీలు దిద్ది, ఎన్2 పాసయ్యి, ఇంట్లోవాళ్ళకి పెరుగన్నం తింటూ వీడియో కాల్లో ఆ సర్టిఫికెట్ చూపించుకున్నవాడికి ఇది ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అలాంటి మూడ్‌లో ఉండగా నవంబరులో శని, ఆది, సోమ కలిసొచ్చాయి. మా రూమ్మేట్ "బావా, ఇలాగే గోడకేసి చూస్తూ కూచుంటే పిచ్చెక్కుతుంది, పద నాగసాకి" అన్నాడు. హకాతాలో రైలెక్కి తకేవో-ఒన్‌సెన్‌లో దిగి, అదే ప్లాట్‌ఫారం మీద ఎదురుగా ఉన్న షిన్‌కాన్‌సెన్ ఎక్కాలి. 2022 సెప్టెంబరులో వేసిన లైను. రైలు పేరు 'కమొమె', అంటే సముద్రపు కాకి జాతి తెల్లపిట్ట. ఎక్కి బెంతో డబ్బా ఖాళీ చేసేలోపు ఊరొచ్చేస్తుంది.

నాగసాకి స్టేషన్ బయట ట్రామెక్కితే నాలుగు స్టాపుల్లోపే దెజిమా. నేను చూడాలనుకున్నది ఇదే.

దెజిమా అంటే ఒక దీవి. దేవుడు చేసింది కాదు, మనుషులు చేసింది. 1634లో మొదలుపెట్టి 1636కి పూర్తిచేశారు. ఊళ్ళోని ఇరవై అయిదుగురు షావుకార్లు డబ్బు పెట్టారు. విసనకర్ర ఆకారం, సుమారు 15,000 చదరపు మీటర్లు. అంటే నాలుగెకరాలు కూడా లేదు. ముందు పోర్చుగీసువాళ్ళని అందులో పెట్టారు. 1639లో వాళ్ళని దేశంలోంచే వెళ్ళగొట్టాక, 1641లో డచ్చి ఈస్టిండియా కంపెనీవాళ్ళని హిరాదో నుంచి తెచ్చి కూచోబెట్టారు. అక్కణ్ణుంచి రెండువందల ఏళ్ళకి పైగా యూరపుతో జపాన్ వ్యాపారానికి అదొక్కటే గుమ్మం. దీవికీ ఊరికీ మధ్య చిన్న వంతెన, అటు చివర కాపలా. డచ్చివాళ్ళు అనుమతి లేకుండా బయటికి రాకూడదు, జపాన్‌వాళ్ళు అనుమతి లేకుండా లోపలికి వెళ్ళకూడదు. ఉండేది పది పదిహేనుమంది. ఓడలు ఎండాకాలంలో వస్తాయి, శరత్కాలంలో పోతాయి. మిగతా నెలలన్నీ లోపలున్నవాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూచోవడమే. మన భాషలో బెంచి మీద ఉన్నారన్నమాట!

ఇప్పుడది దీవి కాదు. 1888లో నదిని మళ్ళించినప్పుడు ఒక పక్క కోసేశారు, పాత వంతెనా పోయింది. తరవాత రేవు పనుల్లో చుట్టూ మట్టి పోసి పూడ్చేశారు. ట్రాములూ ఆఫీసులూ బ్యాంకులూ చుట్టుముట్టేశాయి. అయినా నగరంవాళ్ళు వదల్లేదు. 1951 నుంచి స్థలాలు ఒక్కొక్కటే తిరిగి తీసుకుంటూ, తవ్వుతూ, పాత పటాలు చూసి ఇళ్ళు మళ్ళీ కట్టుకుంటూ వచ్చారు. 2017లో వంతెన కూడా కట్టారు. మేము ఆ వంతెన మీద నుంచే లోపలికి నడిచాం. వృత్తిరీత్యా వంతెనని కాబట్టి నాకు కొంచెం బంధుప్రీతి కలిగింది. (నవ్వకండి.)

లోపల గిడ్డంగులూ, కెప్టెన్ గదీ, చాపల మీద వేసిన డచ్చి డైనింగు టేబులూ అన్నీ చూశాం. బట్టల సంగతి వచ్చేసరికి నేను ఆగిపోయాను. కోరమండల్ తీరం నుంచి డచ్చివాళ్ళు తెచ్చిన అద్దకం బట్టల్ని జపాన్‌వాళ్ళు 'సరసా' అనేవారు. టీ ఉత్సవాల్లో వాడే విలువైన పాత్రలకి ఆ గుడ్డలతో సంచులు కుట్టుకునేవారు. చారల బట్టకి 'సాంతొమె' అని పేరు. మద్రాసు పక్కన మైలాపూరులో ఉన్న శాంథోమ్ పేరది. మా అమ్మమ్మగారిది పెడన. బందరు పక్కనే. ఇప్పటికీ ఆ వీధుల్లో కలంకారీ బట్టలు ఆరేసి ఉంటాయి. డచ్చివాళ్ళు బందరులో దిగింది 1605లో, హిరాదోలో దిగింది 1609లో. బందరులో వలందపాలెం అని ఒక పేట ఉంది. వలందులంటే హాలండువాళ్ళు. జపనీస్‌లో హాలండుని 'ఒరాందా' అంటారు. ఒకే కంపెనీ, నాలుగేళ్ళ తేడా, రెండు ఊళ్ళు, పేరు కూడా దాదాపు ఒకలాగే పలికారు. చిన్నప్పుడు వలందపాలెం మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో. ఆ మాటకి అర్థం ఇంత దూరం వచ్చాక తగిలింది.

ఇంకోటి. మేము రోజూ స్పెక్‌లో 'బొతాన్' నొక్కితే ఈ స్క్రీను రావాలి, ఆ స్క్రీను రావాలి అని రాస్తాం. బొతాన్ అంటే బటన్. పోర్చుగీసు మాట. మన చొక్కా బొత్తాం కూడా ఆ పోర్చుగీసు మాటే. తుపాకులూ రొట్టెలూ పట్టుకుని ఓడల్లో తిరిగినవాళ్ళు ఇద్దరికీ చెరో బొత్తాం ఇచ్చి పోయారు.

సరే, అసలు సంగతికొస్తాను. ఈ వంతెనకి రెండు వైపులా తిరగగలిగిన ఉద్యోగులు ఒకరుండేవారు. 'ఒరాందా త్సూజి' అనేవారు వాళ్ళని. డచ్చి భాష వచ్చిన జపనీస్ దుభాషీలు. మన తీరంలో దుబాసీలనేవాళ్ళే. ఇది వంశపారంపర్యపు కొలువు. ఇందులో పెద్ద త్సూజి, చిన్న త్సూజి, నేర్చుకునే త్సూజి అని అంతస్తులు. సీనియర్, జూనియర్, ట్రైనీ! బేరాలు, లెక్కలు, ఉత్తరాలు, గొడవలు, జ్వరాలు అన్నీ వీళ్ళ నోటిమీదుగానే నడిచేవి. ఓడ రాగానే కెప్టెన్ దగ్గర ప్రపంచ వార్తలు అడిగి, జపనీస్‌లో రాసి ఎడోకి పంపేవాళ్ళు. ఎడో అంటే ఇప్పటి తోక్యో. ఆ వార్తాపత్రానికి 'ఫూసెత్సుగకి' అని పేరు. పెర్రీ అనే అమెరికన్ నౌకాధిపతి 1853లో నల్ల ఓడలేసుకుని జపాన్‌ని బెదిరించాడని చదువుకుంటాం కదా. అమెరికా ఓడలు రాబోతున్నాయన్న కబురు 1852లోనే ఈ దారిన ఎడోకి చేరింది.

ఇదంతా అక్కడ ఒక వాలంటీరు గైడు దగ్గర తెలుసుకున్నాను. డెబ్భై దాటిన పెద్దాయన. ఉద్యోగం ఏమిటని అడిగితే బ్రిడ్జ్ ఎస్.ఈ. అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, "అయితే మీరు త్సూజి-సాన్ అన్నమాట" అన్నారు. నేను ఉండబట్టలేక అడిగేశాను. "దేశం తలుపులు తెరుచుకున్నాక వాళ్ళంతా ఏమయ్యారండీ?"

ఆయన చెప్పినదీ, తరవాత నేను చదువుకున్నదీ కలిపి చెప్తాను.

ఫుకుజావా యుకిచి పేరు వినే ఉంటారు. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చేదాకా పదివేల యెన్ల నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే. ఆయన 1854లో డచ్చి భాష నేర్చుకోవడానికి నాగసాకి వచ్చాడు. తరవాత ఒసాకా వెళ్ళి ఏళ్ళ తరబడి దాన్నే చదివాడు. 1859లో యొకొహామా రేవు కొత్తగా తెరిచారని చూడ్డానికి వెళితే, దుకాణాల మీద బోర్డులు చదవలేకపోయాడు. తను మాట్లాడింది ఎవరికీ అర్థం కాలేదు. అంతా ఇంగ్లీషు! అన్నేళ్ళ చదువూ ఒక్క పూటలో వెర్షన్ మారిపోయిన ఫ్రేమ్‌వర్క్ అయిపోయింది. నిరాశపడ్డాడు, కానీ వెంటనే ఇంగ్లీషు మొదలెట్టాడు.

నేర్పమని ఆయన ముందు వెళ్ళింది ఎవరి దగ్గరికో తెలుసా? మొరియామా ఎయినొసుకె అనే నాగసాకి దుబాసీ దగ్గరికి. ఈయన అప్పటికి పదేళ్ళ ముందే మేలుకున్నాడు. 1848లో రానాల్డ్ మెక్‌డొనాల్డ్ అనే కుర్రాడు ఉత్తరాన ఒక దీవిలో కావాలని దిగి పట్టుబడ్డాడు. అతణ్ణి నాగసాకి తెచ్చి నిర్బంధంలో పెడితే, మొరియామా, ఇంకొందరు దుబాసీలు కటకటాల ముందు కూచుని ఇంగ్లీషు నేర్చుకున్నారు. 1854లో పెర్రీతో చర్చలు జరిగినప్పుడు మొరియామా దుబాసీగా కూచున్నాడు. ఫుకుజావా వెళ్ళేసరికి ఆయనకి చెప్పడానికి తీరికే లేదట. డిమాండు అలా ఉంది మరి!

షిజుకి తదావొ అని ఇంకొకాయన. 1760లో పుట్టాడు. దుబాసీ కొలువులో చేరి, ఒంట్లో బాగాలేదని తొందరగానే మానేసి ఇంట్లో పుస్తకాలు ముందేసుకుని కూచున్నాడు. న్యూటన్ సిద్ధాంతాలని వివరించే ఒక డచ్చి పుస్తకాన్ని జపనీస్‌లోకి తెచ్చాడు. అప్పటికి ఆ భాషలో ఆ మాటలే లేవు. గురుత్వాకర్షణకి 'జూర్యొకు' అని, అపకేంద్ర బలానికి 'ఎన్‌షిన్‌ర్యొకు' అని తనే పుట్టించాడు. ఇవాళ్టికీ జపాన్ స్కూలు పిల్లలు ఆ మాటలతోనే ఫిజిక్స్ పరీక్ష రాస్తారు.

మూడో ఆయన మొతొకి షోజో. దుబాసీల వంశం. డచ్చి చదువుతో వచ్చిన అచ్చు మీద మోజుతో 1869లో నాగసాకిలో సీసపు అచ్చక్షరాలు పోతపోయడం నేర్చుకుని, నేర్పాడు. జపాన్ ఆధునిక ముద్రణకి తండ్రి అంటారు. మన స్పెక్ డాక్యుమెంట్లలో కనపడే 'మిన్చో' ఫాంటు వంశవృక్షం ఎక్కితే ఈయన తగుల్తాడు.

ఇదంతా విని మా రూమ్మేట్ "చూశావా, అప్‌స్కిల్ అయినవాళ్ళు బతికారు, అంతే కదా" అన్నాడు. వాడితో నాకు పేచీ అక్కడే. అది మన హెచ్.ఆర్. మెయిళ్ళలో ఉండే నీతి. అందుకోసం ఇంత దూరం రానక్కర్లేదు. పైగా అందరూ మొరియామాలు కాలేరు. త్సూజీ కుటుంబాలన్నిట్లోంచీ ఇవాళ మనం చెప్పుకునేవి గుప్పెడు పేర్లు.

నన్ను పట్టుకున్నది వేరే విషయం. ఆ ఫూసెత్సుగకి కింద దుబాసీలు సంతకాలు చేసేవారు. వార్త చెప్పింది డచ్చి కెప్టెన్, చదివేది ఎడోలో ప్రభుత్వం. కానీ 'ఈ మాట ఇలాగే చెప్పాడు' అని పేరు పెట్టేది మధ్యవాడు. తేడా వస్తే మెడ కూడా అతనిదే. సీబోల్డ్ అనే డాక్టరు దెజిమాలో ఉండగా నిషిద్ధమైన జపాన్ పటాలు సంపాదించాడని 1828లో పెద్ద గొడవైంది. ఆయన్ని 1829లో దేశం నుంచి పంపేశారు. ఆయనకి సాయపడ్డారని కొందరు దుబాసీలకి శిక్షలు పడ్డాయి. అంటే వాళ్ళకి జీతమిచ్చింది డచ్చి వచ్చినందుకు మాత్రమే కాదు. మాటకి పూచీ పడినందుకు.

'కెంతో షిమాస్' అంటే వద్దని అర్థమని మెషీన్‌కి ఇవాళ కాకపోతే రేపు తెలుస్తుంది. చాలావరకు ఇప్పటికే తెలుసు. అందులో దానితో పోటీ పడి లాభం లేదు. కానీ గురువారం డెలివరీ కాకపోతే 'నేను చెప్పాను, నాది పూచీ' అని ఆ గదిలో లేచి నిలబడేది ఎవరు? మెషీన్ మాట మారుస్తుంది, మాట ఇవ్వలేదు. తెలుగులో ఈ రెండిటికీ ఉన్న తేడా మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండోరోజు మామూలు టూరిస్టుల్లాగే తిరిగాం. 1863లో కట్టిన గ్లోవర్ ఇల్లు, కొండ మీంచి రేవు, కింద ఓడల కార్ఖానా. పక్కనే ఓఉరా చర్చి. రెండువందల యాభై ఏళ్ళు చాటుగా మతాన్ని దాచుకున్న క్రైస్తవులు 1865 మార్చిలో వచ్చి మేమూ మీవాళ్ళమేనని ఫాదర్‌కి చెప్పుకున్నది అక్కడే. మధ్యాహ్నం చాంపొన్ తిన్నాం. చైనావాళ్ళు ఈ ఊళ్ళో పుట్టించిన నూడుల్స్. పంది ఎముకల రసం ఉంటుంది, శాకాహారులు ముందే అడిగి చూసుకోండి. జపనీస్‌లో చాంపొన్ అంటే కలగాపులగం అని కూడా. సాయంత్రం మెగానెబషి. రెండు కమానులతో, నీళ్ళలో నీడ కలిసి కళ్ళజోడులా కనపడే రాతి వంతెన. 1634 నాటిది. బాంబుకి నిలబడింది గానీ 1982 వరదకి సగం కొట్టుకుపోయింది. రాళ్ళు ఏరుకొచ్చి మళ్ళీ పేర్చారు. రాత్రి ఇనసయామా కొండెక్కితే మూడు వైపులా కొండలకి దీపాలు అతికించినట్టుంది ఊరు. ఆ అందం మాటల్లో పెట్టడం నావల్ల కాదు, వదిలేస్తున్నాను.

మూడోరోజు ఉరకామి వైపు వెళ్ళాం. 1945 ఆగస్టు 9, పగలు 11 గంటల 2 నిమిషాలు. మ్యూజియంలో ఆ వేళకి ఆగిపోయిన గడియారం ఉంది. ఆ ఏడాది ఆఖరుకి సుమారు 74 వేలమంది పోయారు. లోపల రూమ్మేట్ నేను ఒక్క మాట మాట్లాడుకోలేదు. దాని గురించి ఎక్కువ రాయను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. రెండు ఊళ్ళ బాంబుల్నీ తట్టుకుని బతికి, ప్రభుత్వ లెక్కల్లో ఉన్న హిబాకుషాలు 2025 మార్చి నాటికి లక్షకి లోపుకి వచ్చేశారు. సగటు వయసు 86. ఇంకొన్నాళ్ళకి చెప్పేవాళ్ళు ఉండరు. అందుకని వాళ్ళ పిల్లలో, మనవలో, ఏ చుట్టరికం లేనివాళ్ళో వాళ్ళ దగ్గర కూచుని ఆ అనుభవం నేర్చుకుని, తమ నోటితో చెప్పే ఏర్పాటు నాగసాకిలో ఉంది. రికార్డింగులు లేకనా? బోలెడున్నాయి. ఏ భాషలో కావాలంటే ఆ భాషలో సబ్‌టైటిల్స్ వేసుకోవచ్చు. అయినా ఒక మనిషి ఎదురుగా నిలబడి 'ఆవిడ నాకిలా చెప్పింది' అనడం వాళ్ళకి కావాలి. విన్నవాడు లేచి ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలి కదా. ఇదీ దుబాసీ పనే అనిపించింది నాకు.

సోమవారం రాత్రికి ఫుకుఓకా వచ్చేశాం. మార్చిలో నా కాంట్రాక్టు ఏమవుతుందో నాకింకా తెలీదు. నాగసాకి చూసొచ్చినంత మాత్రాన రెన్యూ చేయరు కదా! ఒక్కటి మార్చాను. మీటింగు మినిట్స్ ఇప్పుడు మెషీనే రాస్తోంది, రాయనిస్తున్నాను. అది రాసింది మొత్తం చదివి, హైదరాబాదుకి ఫోను చేసి "ఆల్మోస్ట్ అంటే ఎన్ని రోజులు తమ్ముడూ, సరిగ్గా చెప్పు" అని అడిగి, కింద తయారుచేసినవారు అన్న గడిలో నా పేరు నేనే రాస్తున్నాను. ఇదివరకు ఆ గడి ఖాళీగా పోయేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు. మొన్న క్లయింటు మేనేజరు ఒక తేదీ మీద అనుమానమొచ్చి తిన్నగా నాకే ఫోన్ చేశాడు. టూల్‌ని అడగలేదు.

దీన్ని పట్టుకుని ఉద్యోగం నిలుస్తుందని చెప్పను. మీలో ఎవరైనా ఇలా మధ్యలో నిలబడే పని చేస్తుంటే మాత్రం, వీలు చూసుకుని ఒకసారి దెజిమా వెళ్ళండి. గిడ్డంగులు చూడ్డం అయ్యాక, అక్కడే 15వ వంతు కొలతలో కట్టిన బొమ్మ దెజిమా ఉంటుంది. దాని పక్కన కాసేపు నిలబడండి. అంత చిన్న వంతెన మీదుగా ఎంత నడిచిందో తెలుస్తుంది. వచ్చేటప్పుడు కస్తెరా కేకు కొనుక్కోండి, అడుగున పంచదార పలుకులు ఉండేది. అదీ పోర్చుగీసువాళ్ళు ఇచ్చిపోయిందే.